ఒక చెవి అరిగిన కత్తి

నా చిన్నప్పుడు కత్తుల గురించి నాకు తెలిసినంత మా క్వార్టర్లలో ఏ మగపిల్లగానికీ తెలియదు. గొప్పలు పోతున్నా అనుకుంటారేమో, పోతే మాత్రం ఏమైంది? తొమ్మిదేళ్ళ ఆడపిల్ల తుర్కీ కత్తిని పిడి చూసి గుర్తుపట్టేదంటే మా మనవడు ఇప్పటికీ నమ్మడు. ఫోన్‌లో చూసి చెప్తున్నవా నానమ్మా అంటాడు. వాని మొహం. అప్పుడు మా ఇంట్లో రేడియో కూడా లేదు.

మేము యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఉండేవాళ్ళం. నాన్న కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. తార్నాక వైపు గేటు దాటి కొంచెం లోపలికి వస్తే మా క్వార్టర్లు, వాటి వెనుక బండరాళ్ళు, తంగేడు పొదలు, సీతాఫలం చెట్లు. రెండు గదుల ఇంట్లో అమ్మ, నాన్న, నానమ్మ, నేను. పక్కింట్లో ఒక అక్క ఉండేది. చరిత్రలో పరిశోధన చేస్తుండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ముక్కు మీదికి జారే కళ్ళద్దాలతో. ఆమెకు చెల్లెళ్ళు లేరు, నాకు అక్కలు లేరు, అట్లా కుదిరింది మా ఇద్దరికీ.

బడి లేని రోజు అక్క నన్ను వెంటబెట్టుకొని వాళ్ళ డిపార్టుమెంటుకు పోయేది. అక్కడ ఒక మూల గదిలో చిన్న మ్యూజియం ఉండేది. నాణేలు, తాళపత్రాలు, చేతులు విరిగిన విగ్రహాలు, గోడ పొడుగునా అద్దాల బీరువాల్లో కత్తులు. ఏ కత్తి ఏ దేశానిదో, ఏ కాలానిదో తేల్చి, దాని కింద పెట్టే చీటీ రాయడం అక్క పని. నా పని తోడుండడం, మరమరాలు తినడం, అప్పుడప్పుడు దుమ్ము తుడవడం.

కత్తులను గుర్తుపట్టడం అక్క నాకు ఆటలాగా నేర్పింది. కత్తి ఇనుమంతా పాత న్యూస్‌పేపరుతో కప్పేసి పిడి ఒక్కటే చూపించేది. అందరూ పదును చూసి మోసపోతరు, పట్టుకున్న చెయ్యి ఏం కోరిందో పిడి చెప్తది అనేది. మన తల్వారుకు పిడి చివర చిన్న పళ్ళెం లాంటి బిళ్ళ ఉంటుంది. తుర్కీ సుల్తానుల కాలపు కిలిజ్‌కు పిడి కొస పిస్తోలు పిడిలాగా వంగి ఉంటుంది, చేతికి అడ్డంగా ఇనుప కమ్మి ఉంటుంది. పేపరు తీస్తే కత్తి చివరికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. అదే తుర్కీ వాళ్ళది ఇంకొకటి, యాతగాన్. దానికి అడ్డకమ్మి ఉండదు, ఎందుకంటే నడుముకు చుట్టిన గుడ్డలో లోతుగా దోపుకునేవాళ్ళు. పదును వంపుకు లోపలివైపు, అచ్చం మన కొడవలి. పిడి కొసన రెండు ఎముక రెక్కలు మేకపిల్ల చెవుల్లాగా విచ్చుకొని ఉంటాయి, బలంగా గుంజినా చెయ్యి జారకుండా. వాటిని చెవులనే అంటారట. ఆ మ్యూజియం మొత్తంలో యాతగాన్ ఒక్కటే ఉండేది. దాని మీద వెండితీగతో పొదిగిన అక్షరాలు చూసి నేను ముచ్చటపడి అద్దానికి ముక్కు ఆనించేదాన్ని.

ఆ యాతగాన్ దగ్గరే అక్క ఆగిపోయింది. అక్షరాలు చదివించుకున్నది, ఎముక ఏ రకందో తెలుసుకున్నది, కానీ ఒక చెవి సగం దాకా ఏటవాలుగా అరిగిపోయి ఉండేది. రెండోది కొత్తదానిలాగా ఉండేది. యుద్ధంలో దెబ్బ తగిలితే విరుగుతుంది గానీ ఇట్లా నున్నగా అరగదు. నడుము గుడ్డకు ఒరుసుకుంటే రెండు చెవులూ అరగాలి. చీటీలో తెలిసింది రాయాలె, తెలియనిది తెలియదని రాయాలె, నడుమ ఊహలు పెట్టి అతికించొద్దు అని నాకు పాఠం చెప్పిన మనిషికే, తెలియదు అని రాయాలంటే ప్రాణం మీదికి వచ్చేది. వాళ్ళ సారుకు ఆ మాట అంటే మంట. తెలియదని రాయడానికి చదువెందుకు అనేవాడట.

ఆ యాతగాన్ ఉన్న బీరువాలోని కత్తుల గురించి అక్క ఒక సంగతి ముందే రాసి పెట్టింది. రజాకార్ల గడబిడ రోజుల్లో అడవుల్లో జరిగిన కాల్పుల్లో చనిపోయినవాళ్ళ పక్కన దొరికినవి అవన్నీ. ఏళ్ళ తరబడి ఎక్కడో గోదాములో పడి ఉండి చివరికి ఇక్కడికి చేరాయి. బతికినవాళ్ళ కత్తి ఈ బీరువాల ఒక్కటి కూడ లేదే అని అక్క చెప్తే, నాకు అది కథలో మాటలాగా వినపడింది. చెక్కిలం కొరుక్కుంటూ ఊ కొట్టాను.

ఇక మా తాత సంగతి చెప్పాలి. తాతను నేను చూడలేదు. నాన్న చూశాడు గానీ అప్పటికి మూడేళ్ళవాడు, ఏమీ గుర్తులేదు. మాది నల్లగొండ వైపు ఒక చిన్న ఊరు. తాత అక్కడి నుంచే రజాకార్లతో కొట్లాడే దళంలోకి పోయాడు, ఒకసారి పోయినవాడు మళ్ళీ రాలేదు. చచ్చిపోయాడని చెప్పినవాడు లేడు, బతికున్నాడని చూసినవాడు లేడు. నానమ్మ నుదుటి మీద నిండు బొట్టు, మెడలో పుస్తెలు, కాళ్ళకు మట్టెలు అట్లాగే ఉన్నాయి. చుట్టాల పెళ్ళిళ్ళకు పోతే కొందరు ఆమె కాళ్ళకు పసుపు రాసేవాళ్ళు, కొందరు గిన్నె పట్టుకొని ఆమెను దాటిపోయేవాళ్ళు. దాటిపోయినవాళ్ళను నానమ్మ ఒక్క మాట అనేది కాదు. ఇంటికొచ్చి నా జడ మాత్రం కళ్ళల్లో నీళ్ళొచ్చేలా గుంజి దువ్వేది.

నాన్న గోస వేరు. పెత్రమాస వచ్చిందంటే ఇంట్లో ఆయన మొహం చూడలేకపోయేవాళ్ళం. పోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చే అమావాస్య అది. నాన్న ముత్తాత పేరు చెప్పేవాడు, ముత్తవ్వ పేరు చెప్పేవాడు, ఆగిపోయేవాడు. తండ్రి పేరు చెప్తే కన్నతల్లి బొట్టు తన చేత్తో తుడిచినట్టు. చెప్పకపోతే, తండ్రి నిజంగా పోయి ఉంటే, ఇన్నేళ్ళుగా ఆయనను ఆకలితో నిలబెట్టినట్టు. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. నానమ్మ పట్టుచీర కట్టుకొని పోయి, ఆటయ్యాక పసుపు గౌరమ్మను తీసి పుస్తెలకు అద్దుకొని వచ్చేది. పొద్దున కొడుకు నోరు మూతపడే రోజూ, సాయంత్రం తల్లి పాట పాడే రోజూ ఒకటే. ఏం రాతలో!

ఆ ఏడు పెత్రమాస ఇంకా రాలేదు, రేపో ఎల్లుండో ఉంది. మధ్యాహ్నం నానమ్మ చేటలో బియ్యం ఏరుతుంటే నేను పక్కన చేరి నా కత్తుల చదువంతా ఒప్పజెప్పాను. చెవులున్న కత్తి మ్యూజియంలో ఉన్నదని అన్నానో లేదో ఆమె చెయ్యి చేటలోనే ఆగిపోయింది. ఎవరికో చెప్తున్నట్టు, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

తాత దగ్గరా అట్లాంటి కత్తే ఉండేదట. దొర గడీకి కావలి ఉన్న ఒక ముసలి అరబ్బు నడుముకు ఉండేది, గడీ మీద జనం పడ్డ రోజు తాత చేతికొచ్చింది. అప్పటి నుంచి దాన్ని విడిచి తిరగలేదు. అడవిలో తడిసీ తడిసీ, ఎప్పుడన్నా చాటుగా ఇంటికొస్తే దగ్గుకుంటూ వచ్చేవాడట. శొంఠి, మిరియాలు రోట్లో దంచితే చప్పుడవుతుంది, మగమనిషి ఇంట్లో ఉన్నాడని వాడకట్టుకంతా తెలుస్తుంది. అందుకని నానమ్మ ఆ కత్తిని తిరగేసి పట్టుకొని, పిడికున్న చెవితో శొంఠిని బండ మీద చప్పుడు కాకుండా నూరేదట. ఆమెది ఎడమచేతి వాటం. నూరీ నూరీ ఆ చెవి ఒక పక్కకు అరిగిపోయింది. నా కత్తిని మొండిచెవిది చేసినవు గదనే అని తాత నవ్వేవాడట. అది చెప్తూ నానమ్మ కూడా నవ్వింది. తాత గురించి చెప్తూ ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి ఉరికాను. చెవి ఎందుకు అరిగిందో తెలిసిందక్కా అని అరుచుకుంటూ పోయి మొత్తం చెప్పేశాను. అక్క ఎగిరి గంతేసినంత పని చేసింది. ఎడమచేయి, బండ, ఏటవాలు అనుకుంటూ ఉత్త చేత్తో నేల మీద నూరి చూసింది. నన్ను దగ్గరికి తీసుకొని నా రెండు బుగ్గలూ గిల్లింది. తర్వాత ఆమె చేతులు మెల్లగా జారిపోయాయి. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుస్తూ గడప మీద కూలబడింది. మ్యూజియంల ఉన్నదాని చెవి అరిగి ఉన్నదని మీ నానమ్మకు చెప్పినవా అని అడిగింది. లేదన్నాను. మంచిపని చేసినవు అన్నది. నాకు ఏమీ అర్థం కాలేదు. మ్యూజియంలో చెక్కిలం కొరుకుతూ విన్న మాట, బతికినవాళ్ళ కత్తి ఒక్కటి కూడా లేదన్న మాట, అప్పుడు గుర్తొచ్చింది. 

ఇంటికొచ్చేసరికి, తాత కత్తిలాంటిది మ్యూజియంలో ఉన్నదని నానమ్మే నాన్నతో చెప్పేసింది, శొంఠి నూరిన సంగతి మాత్రం ఎత్తలేదట. ఒక్కపారి చూసొస్తా బిడ్డా, అసుంటి కత్తి మళ్ళ చూడలే అన్నదట.  మరునాడు పొద్దున నాన్న ల్యాబులో పర్మిషన్ అడిగి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఏదో శుభకార్యానికి పోతున్నట్టు తయారై నిలబడ్డాడు. వద్దని ఎవరికి చెప్పాలో, ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. వాళ్ళ వెనకాల నడిచాను.

మ్యూజియం గదిలో అక్క ఒక్కతే ఉంది. నాన్న లోపలికి వస్తూనే ఈ కత్తులు ఎక్కడివని అడిగాడు. అక్క తల వంచుకొని, తను రాసిన చీటీలో ఉన్నదే చెప్పింది. అడవిలో, చనిపోయినవాళ్ళ పక్కన దొరికినవి. నాన్న గోడకు చెయ్యి ఆనించాడు. నానమ్మ మాత్రం విననట్టే బీరువా దగ్గరికి నడిచింది.

ఆమె ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను. బయట ఏదో క్లాసు విడిచి పిల్లలంతా గలగలా మాట్లాడుకుంటూ వరండాలో పోయారు, మళ్ళీ అంతా సద్దుమణిగింది, నానమ్మ ఇంకా చూస్తూనే ఉంది. కత్తిని మామూలుగానే పెట్టారు, అరిగిన చెవి మా వైపే ఉంది. నేను ఒక్కసారే చూసి తల దించుకున్నాను. చేతికిస్తా పట్టుకొని చూడు అవ్వా అని అక్క తాళం తీయబోయింది. వద్దు బిడ్డా అన్నది నానమ్మ, గబుక్కున. అంటూనే ఎడమచేతిని కొంగు కిందికి దాచుకున్నది.

"మనది కాదురా," అన్నది నాన్నతో. "మీ నాయనది గిట్ల లేకుండె."

నాన్న నమ్మాడో లేదో గానీ, ఆయన అడగడం మాత్రం అక్కనే అడిగాడు. "నువ్వు సదువుకున్నదానివి బిడ్డా. పోయినోళ్ళు ఏమైన్రో తెల్వక ముప్పై ఏండ్లాయె సస్తున్న. ఈ కత్తి ఎవలిదో జర చూసి చెప్పు."

అంత పెద్ద మనిషి అట్లా అడుక్కోవడం నేను ఎన్నడూ చూడలేదు. అక్క చూపు నాన్న మీద ఆగింది, నానమ్మ మీద ఆగింది, చివరికి నా మీద. నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. నాన్న మొహం చూస్తే చెప్పాలనిపించింది, నానమ్మ నుదుటి బొట్టు చూసి నోరు మూసుకున్నాను. అక్క వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. 

"ఇది తుర్కీ దేశపుది అన్నా, గది మాత్రం పక్కా," అన్నది. "ఎవరి చేతుల ఉండెనో కత్తి చెప్పదు. నాకు తెల్వది."

తర్వాత బల్ల దగ్గర కూర్చొని, మా ముందే చీటీ రాసింది. యాతగాన్. తుర్కీ సుల్తానుల కాలం నాటిది. పిడి ఎముక. ఒక చెవి అరిగి ఉంది, కారణం తెలియదు.  అన్నీ తేల్చి ఒక్క చెవి దగ్గర చేతులెత్తేసినవేందమ్మా అని వాళ్ళ సారు తర్వాత అందరి ముందు అన్నాడట. ఆమె పడ్డది. 

తిరిగి వచ్చేటప్పుడు నాన్న మాకంటే ముందు, చాలా ముందు నడిచాడు. నానమ్మ తంగేడు పొదల దగ్గర ఆగి, రేపటి బతుకమ్మకు పూలు కావాలె అంటూ తెంపడం మొదలుపెట్టింది. ఒళ్ళో పూలు నిండాయి, ఆమె కళ్ళు కారుతూనే ఉన్నాయి. పుప్పొడి పడ్డది బిడ్డా అన్నది. తంగేడు పువ్వుకు అంత పుప్పొడి ఎక్కడిది? నేను ఊ అన్నాను. ముందు పోతున్న నాన్న దగ్గరికి ఉరకాలో, ఇక్కడ ఈమె కొంగు పట్టుకొని నిలబడాలో తెలియక, నడి దారిలో నిలబడి నేనూ ఏడ్చాను. ఎందుకేడుస్తున్నవని ఆమె అడగలేదు.

మరునాడు పెత్రమాస నాడు నాన్న ఎప్పటిలాగే ముత్తవ్వ పేరు దాకా చెప్పి ఆగిపోయాడు. సాయంత్రం నానమ్మ నన్ను పిలిచి అద్దం పట్టుకోమన్నది. బొట్టు వంకరపోయింది, తుడిచి మళ్ళీ పెట్టుకున్నది, మళ్ళీ వంకరపోయింది. మూడోసారి అమ్మ వచ్చి పెట్టింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికి దగ్గు వచ్చినా శొంఠి అమ్మే దంచేది. నానమ్మ దాన్ని చేత్తో ముట్టుకోవడం నేను చూడలేదు.

నానమ్మ పోయినప్పుడు ఒళ్ళంతా పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, ముత్తైదువగా సాగనంపారు. పెళ్ళిళ్ళలో ఆమెను దాటిపోయినవాళ్ళే వచ్చి, పుణ్యాత్మురాలు అంటూ కాళ్ళు మొక్కారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వచ్చిన పెత్రమాసకు నాన్న తల్లి పేరు మీద బియ్యం ఇస్తుంటే, తండ్రి పేరు చెప్పమని అయ్యగారు అడిగాడు. నేను పక్కనే పళ్ళెం పట్టుకొని నిలబడ్డాను. ఉన్నడో లేడో తెల్వదు అయ్యగారూ అన్నాడు నాన్న. ఒక్క మాట నా నాలుక మీదే ఉంది. అది చెప్తే నాన్నకు తండ్రి దొరుకుతాడు. కానీ అన్నేళ్ళు నానమ్మ దిద్దుకున్న బొట్టును, ఆమె కాలిపోయాక నేను తుడిచినట్టవుతుంది. పళ్ళెం బరువుకు చేతులు లాగాయి. దాన్ని అయ్యగారి ముందు దించాను. నాన్న ఆ తెలియకపోవడంతోనే పోయాడు.

అక్క పెళ్ళయి వరంగల్ వెళ్ళిపోయింది. తర్వాత కలిసినప్పుడల్లా పిల్లల సంగతులు, మోకాళ్ళ నొప్పులు మాట్లాడుకున్నాం. ఆ చెవి మాట ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. నేను ఇప్పుడు తార్నాకలోనే ఒక అపార్ట్‌మెంటులో మా కొడుకు దగ్గర ఉంటున్నాను. మా బాల్కనీలోంచి చూస్తే మెట్రో పోవడం కనపడుతుంది. మొన్న మనవడిని తీసుకొని ఆ మ్యూజియంకు పోయాను. గది రంగు మారింది, లైట్లు వచ్చాయి, చీటీలన్నీ కంప్యూటర్ అక్షరాల్లోకి మారాయి. ఆఖరి మాట మాత్రం అట్లాగే ఉంచారు. కారణం తెలియదు. ఎందుకరిగింది నానమ్మా అని వాడు అడిగాడు. చదవరాదా, గాడ రాసిండ్రు గదా అని కసిరాను.

తెలిసినదాన్ని చెప్పడానికి చదువు చాలు. తెలిసీ, పరువు పోయినా, తెలియదని రాయడానికి ఏం కావాలో ఆ రోజు అక్క దగ్గర చూశాను. దానికి పేరు పెట్టడం నాకు ఈ వయసులో కూడా చేతకాలేదు. అది ఒప్పో తప్పో కూడా తెలియదు. నాన్న మొహం గుర్తొస్తే తప్పనిపిస్తుంది, నేను పట్టుకున్న అద్దంలో నానమ్మ బొట్టు గుర్తొస్తే ఒప్పనిపిస్తుంది.

నాన్నకు నేనొక్కదాన్నే. అందుకని పెత్రమాసకు మా కొడుకే ఆయన పేరు మీద, నానమ్మ పేరు మీద కూడా బియ్యం ఇస్తాడు. మా కోడలు బియ్యం కొలిచి వరుసగా ఆకులు పరిచి పోస్తుంది. అంతా అయ్యాక నేను పక్కన ఇంకొక ఆకు వేసి, దాని మీద ఒక పిడికెడు బియ్యం పోసి, పైన ఒక శొంఠి కొమ్ము పెడతాను. కోడలు ప్రతి ఏడూ అడుగుతుంది.

"ఇది ఎవరి పేరు మీద అత్తమ్మా?"

"తెల్వది బిడ్డా," అంటాను. "ఉండనీ."